ఇన్‌చార్జి వీరుడు

మాగళ్లపాలెం పురపాలక సంఘంలో జనన మరణాల సెక్షను చూసే యర్రంశెట్టి భీమేశ్వర్రావుకి ఈ లోకంలో భయం వెయ్యనివి రెండే. ఒకటి జననాల రిజిస్టరు, రెండోది మరణాల రిజిస్టరు. మిగతావాటన్నిటికీ ఆయన భయపడేవాడు. కుక్కలున్న బజారు వీధి మానేసి కాలవగట్టు మీంచి ఆఫీసుకెళ్లేవాడు. గట్టు మీద కూడా నీళ్లవైపు కాకుండా పొలాలవైపు అంచున నడిచేవాడు. ఆటోవాడు ఇల్లు దాటించి తీసుకుపోతుంటే "ఇక్కడే ఆపు" అనడానికి మొహమాటపడి, నాలుగు సందులవతల దిగి వెనక్కి నడిచొచ్చేవాడు.

అలాగని చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి పుట్టినతేదీనీ ఒక్క రోజు ముందుకిగానీ వెనక్కిగానీ జరపలేదు. జరపమని వచ్చినవాళ్లతో "కుదరదు" అని చెప్పే ధైర్యం మాత్రం ఆయనకి లేదు. అందుకని వాళ్లొచ్చే వేళకి బీరువా వెనక్కి వెళ్లి నిలబడేవాడు. వాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయేవారు. ఆయన నిజాయితీ అంతా ఆ బీరువా వెనకే గడిచింది.

ఇలాంటి మనిషి వీరుడు కావడానికి కారణం పైనుంచి వచ్చిన ఒక సర్క్యులరు. దాని పేరు కార్యాలయ వీరుల గుర్తింపు పథకం. ముప్పయి మందికి మించి సిబ్బంది ఉన్న ప్రతి కార్యాలయమూ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటల్లోగా తమలోంచి ఒక వీరుణ్ణి గుర్తించి పంపవలెను. శూన్య నివేదికలు స్వీకరించబడవు. ఇంతవరకూ బాగానే ఉంది. మూడో పేరాలో ఒక మెలిక పెట్టారు: "వీరుడు తనంతట తాను ముందుకు వచ్చినవాడై ఉండరాదు. ఇష్టము లేకయే వీరుడైన వ్యక్తి మాత్రమే అర్హుడు." అంతకు ముందు ఏడాది వీరులు కావలసినవారు దరఖాస్తు చేసుకోండని అడిగితే, ఒక్కో ఆఫీసులో అటెండరుతో సహా అందరూ దరఖాస్తు చేసుకున్నారట. ఆ అనుభవంతో పెట్టిన మెలిక అది.

కమిషనర్ చక్రధరరావు గారు ఇరవై ఎనిమిదో తేదీ దాకా వెతికారు. ఎవర్ని పిలిచి "నువ్వు వీరుడివవుతావా?" అని అడిగినా, సంతోషంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోగానే అనర్హులైపోయారు. అలా ఆఫీసులో నలభై ఒక్కమంది చెల్లకుండా పోయారు. భీమేశ్వర్రావుని మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్న ఆయన ఇంటినుంచి బయల్దేరి కాలవ దగ్గరికి వచ్చేసరికి, నడకవంతెనకి రంగులేస్తున్నామని అడ్డంగా తాడు కట్టేశారు. ఆఫీసు అవతలి ఒడ్డున ఉంది. దాటాలంటే గంగరత్నం పడవ ఒక్కటే గతి.

గంగరత్నానికి అరవై దాటాయి. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్లుగా ఆ రేవులో ఆవిడే పడవ వేస్తోంది. గెడ ఒక్క పోటు పొడిచిందంటే పడవ మధ్య కాలవకి వెళ్లాల్సిందే. భీమేశ్వర్రావు లోలోపల దేవుళ్లందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టుకుని, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, పడవలో గొంతుకూర్చున్నాడు.

"సరిగ్గా కూకో బాబూ. నిన్నెవరూ ఎత్తుకుపోరు" అంది గంగరత్నం.

కాలవ మధ్యకొచ్చేసరికి ఒక తూనీగ వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయనకి గుర్తున్నది పచ్చటి నీళ్లు, చెవుల్లో బుడబుడమనే చప్పుడు, తన జుట్టు పట్టుకుని ఎవరో గట్టిగా లాగుతుండడం. గంగరత్నం ఆయన్ని ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చి రేవు మెట్ల మీద పడేసింది. వీపు మీద రెండు చరిచి నీళ్లు కక్కించింది.

"క్యారేజీ..." అన్నాడు ఆయన, కళ్లు తెరవగానే.

ఆవిడ నవ్వి, మళ్లీ నీళ్లలోకి దిగి, కాళ్లతో తడిమి వెతికి క్యారేజీ పట్టుకొచ్చింది. పీకల్లోతు నీళ్లలో నిలబడి, "ఇదుగో, అందుకో" అంది. భీమేశ్వర్రావు ఒక చేత్తో మెట్టు గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు. క్యారేజీ ఇంకా నీళ్ల కిందే ఉంది. సరిగ్గా ఆ క్షణాన, గట్టు మీద వెళ్తున్న ఒక బీమా ఏజెంటు సెల్‌ఫోను తీసి ఫొటో కొట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ ఫొటో ఊళ్లో అన్ని ఫోన్లలోకీ వెళ్లిపోయింది. "కాలవలో కొట్టుకుపోతున్న వృద్ధురాలికి చెయ్యందించిన మునిసిపల్ ఉద్యోగి" అని దాని కింద రాశారు. మూడు గంటలకి కమిషనర్ గారు తమ గదిలోంచి స్వయంగా నడిచొచ్చి, జనన మరణాల సెక్షన్లో, తడి చొక్కా ఫ్యాను కింద ఆరబెట్టుకుంటున్న భీమేశ్వర్రావుని కావిలించుకున్నారు.

"అయ్యా, నేను కాదండి" అన్నాడు భీమేశ్వర్రావు. "నేనే పడ్డానండి. ఆవిడే నన్ను తీసిందండి. నాకు ఈత రాదండి."

కమిషనర్ గారు సూపరింటెండెంట్ ఉమాపతి వైపు తిరిగారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఉమాపతీ, విన్నావా? కాదంటున్నాడు!"

"విన్నాను సార్. మూడో పేరా అక్షరాలా సరిపోయింది" అన్నాడు ఉమాపతి. సర్క్యులర్లు కంఠతా పట్టడంలో ఉమాపతిని మించినవాడు జిల్లాలో లేడని పేరు.

ఆ తర్వాత భీమేశ్వర్రావు కాదన్న కొద్దీ పని ఇంకా చిక్కబడింది. "కావాలంటే రాసిస్తానండి" అని, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఉమాపతి దాన్ని చదివి, పైన ఎడమపక్క మూల "అయిష్టతా ధ్రువపత్రం, జతపరచడమైనది" అని రాసి ఫైల్లో కట్టేశాడు. ఆ సంగతి తెలిసి, మర్నాటికల్లా మిగతా నలభై ఒక్కమందీ తామూ వీరులం కామని, ఆ మాటంటే తమకి అసహ్యమని విడివిడిగా అర్జీలు పెట్టుకున్నారు. కాని అప్పటికి ఆలస్యమైంది. ఒకసారి ఒప్పుకున్నవాడు మళ్లీ కాదంటే చెల్లదని అనుబంధంలో స్పష్టంగా ఉంది.

ముప్పయ్యో తేదీ పొద్దున్న ఫారం నింపడానికి ఉమాపతి కూర్చున్నాడు. అది పదకొండు పేజీల ఫారం. మొదటి భాగం వ్యక్తిత్వం, రెండోది నైతిక విలువలు, మూడోది అంతస్సంఘర్షణ.

"వ్యక్తిత్వం... గంభీరమా, సరళమా?"

"భయస్థుణ్ణండి."

"ఆ గడి లేదు. సరళం అని వేస్తున్నాను. నైతిక విలువలు, ఉన్నాయా లేవా?"

"ఉన్నాయనే అనుకుంటానండి."

"అనుకోవడం కుదరదు. అవును, లేదు, అంతే. అవును. ఇప్పుడు అంతస్సంఘర్షణలు. రెండుకి తగ్గకుండా కావాలి. ఒక్కోటీ యాభై మాటలు మించకూడదు. గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి."

భీమేశ్వర్రావు ఆలోచించాడు. "నిజం చెప్పినా ఎవరూ వినడం లేదు. గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేదు. ఊరుకోబుద్ధీ కావట్లేదు. నిన్న రాత్రి అన్నం సయించలేదండి."

ఉమాపతి కలం పక్కన పెట్టి జాలిగా చూశాడు. "అది వినయం కిందకి వస్తుందండీ. సంఘర్షణ కిందకి రాదు. సంఘర్షణంటే, దూకాలా వద్దా, కుటుంబమా సమాజమా, అలా ఉండాలి. పోనీ, కిందటేడాది పక్క మునిసిపాలిటీ వాళ్లు పంపినవి రెండు నా దగ్గరున్నాయి. అవి వేసేస్తాను." వేసేశాడు. కమిషనర్ గారు "పై సంఘర్షణలు నా సమక్షంలో జరిగినవని ధ్రువీకరించడమైనది" అని ముద్ర కొట్టారు. నాలుగున్నరకి ఫైలు పైకి వెళ్లింది.

పైనుంచి పరిశీలన పూర్తయ్యేవరకూ ఆయన్ని పూర్తి వీరుడు అనడానికి వీల్లేదు కనుక, ఇన్‌చార్జి వీరుడిగా అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆయన బల్ల మీద జననములు, మరణములు అనే రెండు చెక్క పలకల పక్కన "వీరత్వము" అని మూడోది పెట్టారు. అప్పట్నుంచి ప్రమాదంతో సంబంధమున్న ప్రతి కాగితమూ ఆయన దగ్గరికే రావడం మొదలైంది. పిచ్చికుక్కలు, వేలాడే కరెంటు తీగలు, కూలిపోయేలా ఉన్న మేడలు. పాత రికార్డుల గదిలో పాము దూరిందని ఒకరోజు ఆయన్నే లోపలికి పంపి బయట గడియ పెట్టారు. ఆయన పాముని చూసి స్పృహ తప్పి పడిపోయాడు. ఆ పడడంలో నాలుగు అరల ఇనప ర్యాకు ఆయనతోపాటు పడింది. ఆ చప్పుడికి పాము కిటికీలోంచి వెళ్లిపోయింది. "వీరుడు నేలకి సమాంతరముగా ఉండి ఎదుర్కొనెను" అని ఉమాపతి డైరీలో రాసుకున్నాడు.

ఇదంతా భీమేశ్వర్రావు ఓర్చుకునేవాడేమో. ఆయన ఇబ్బంది ఆయనకే పరిమితమైతే ఎంతైనా ఓర్చుకోవడం ఆయనకి అలవాటే. కాని పథకంలో వీరుడికి ఎన్ని నిబంధనలున్నాయో, వీరుడు కాపాడిన మనిషికీ అన్ని ఉన్నాయి. అలా కాపాడబడినవాళ్లని జలగండం గలవారి జాబితాలో చేర్చాలి. జాబితాలో చేరినవాళ్లు వాళ్ల సొంత క్షేమం కోసం నీటికి వంద మీటర్ల లోపలికి రాకూడదు. నీటిలో మునిగే స్వభావం గలవారికి పడవ లైసెన్సు ఉండకూడదు. ఒక సోమవారం పొద్దున్న ఇద్దరు ఉద్యోగులు రేవుకి వెళ్లి, గంగరత్నం పడవని గట్టు మీదకి లాగించి, గొలుసు వేసి, లక్క సీలు కొట్టి వచ్చారు.

గంగరత్నం తిన్నగా ఆఫీసుకొచ్చింది. దూరంనుంచి ఆవిణ్ణి చూడగానే భీమేశ్వర్రావు లేచి బీరువా వెనక్కి వెళ్లిపోయాడు. గంగరత్నం కూడా బీరువా వెనక్కి వచ్చింది. అక్కడికి రావచ్చని ఇన్నేళ్లలో ఇంకెవరికీ తోచలేదు.

"బాబూ, ఒక్క మాట సెప్పు. నేను నిన్ను తీశానా, నువ్వు నన్ను తీశావా?"

"నువ్వే తీశావు గంగరత్నమ్మా."

"మరి నన్ను నీళ్లకాడికి రావద్దంటన్నారేంటి? నాకు నీటిగండం ఉందంట. కాయితం సూపించారు. దాని మీద నీ పేరుంది."

"నేను చెప్పానమ్మా. రాసి కూడా ఇచ్చాను. ఎన్నిసార్లు కాదంటే అంత..."

"నాకు సెప్పకు. నాకు తెలుసు గదా" అంది గంగరత్నం. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఆయనకి మరీ కష్టంగా ఉంది. "ఇరవై ఏళ్లు ఆ పడవే తిండి పెట్టింది. రేవు ఇడిసి నేనేం పని సెయ్యగలను? నిన్ను తీసినందుకా నాకీ శిక్ష? ఇదే తెలిస్తే ఊరుకుందును అని మాత్రం అనను బాబూ. మళ్లీ పడినా తీస్తాను. కాని పడవ ఇప్పించు."

ఆవిడ వెళ్లిపోయాక కూడా భీమేశ్వర్రావు చాలాసేపు బీరువా వెనకే ఉన్నాడు. ఇన్నాళ్లూ తన భయం ఎవరికీ హాని చెయ్యదని ఆయన ధీమా. భయపడడం కూడా ఒక రకం మంచితనమే అనుకునేవాడు. అది ఇవాళ ఒక మనిషి నోటిదాకా వచ్చిన కూడు పడగొట్టింది.

సాయంత్రం భార్య అనంతలక్ష్మి కాఫీ ఇచ్చి, మొహం చూసి అడిగింది. ఆయన చెప్పాడు. ఆ పది రోజులుగా వీధిలో వాళ్లంతా వీరుడి గారి భార్యని మరీ మర్యాదగా పలకరిస్తున్నారు. కూరగాయల బండివాడు కొసరు వేస్తున్నాడు. అది ఆవిడకి బాగానే ఉంది. అయినా గంగరత్నం మాట వినేసరికి చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"ఏవండీ, మీరు వీరులో కాదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? బల్లి అరిస్తే నన్ను లేపే మనిషి మీరు. నేనేం అనుకోలేదు. కాని ఆవిడే లేకపోతే, ఈపాటికి మీ పేరు మీ రిజిస్టర్లోనే ఇంకెవరో రాసేవారు."

"ఏం చెయ్యమంటావు? చెబితే వినడం లేదే!"

"వినకపోతే చూపించండి."

"ఎలా చూపించాలి?"

"అది నాకేం తెలుసు? ఆఫీసు మీది" అని ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దారి దానంతటదే దొరికింది. ఆ వారంలోనే ప్రాంతీయ వీరత్వ పరిశీలనాధికారిణి మందాకినీదేవి గారు పరిశీలనకి వచ్చారు. జరిగిన సాహసాన్ని జరిగిన చోటే, జరిగిన మనుషులతోనే మళ్లీ చేయించి చూడాలని నిబంధన. దాన్ని పునఃప్రదర్శన అంటారు. ఆవిడ సంతృప్తి చెంది, ఫారం మీద వీరుడూ అధికారిణీ సంతకాలు చేసి సాయంత్రం ఐదులోగా పంపితే, భీమేశ్వర్రావు పర్మినెంట్ వీరుడవుతాడు. కమిషనర్ గారికీ ప్రశంసాపత్రం వస్తుంది.

రేవు దగ్గర షామియానా వేశారు. కుర్చీలు, మైకు, మజ్జిగ. ఊళ్లో సగంమంది వచ్చారు. జలగండం జాబితాలో ఉన్న గంగరత్నానికి ఆ ఒక్క రోజు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు కాలవలో మునగడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. సరిగ్గా మునిగితే లైసెన్సు విషయం ఆలోచిస్తామని ఉమాపతి ముందే చెప్పాడు. అందుకని ఆవిడ కొంగు బిగించి బుద్ధిగా నీళ్లలోకి దిగింది. భీమేశ్వర్రావుని మెళ్లో దండతో మెట్ల మీద నిలబెట్టారు.

"ప్రారంభించండి" అన్నారు మందాకినీదేవి గారు.

గంగరత్నం చేతులెత్తింది. తేలింది. ఊపిరి బిగబట్టి తల లోపలికి పెట్టింది. వీపు తేలింది. తల్లకిందులుగా ప్రయత్నించింది. కాళ్లు తేలాయి.

"అమ్మా, మీరు మునగడం లేదు" అన్నారు అధికారిణి మైకులో.

"సేతకావట్లేదమ్మా! పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ మునగలేదు."

"ఆ రోజు మునిగారుగా? అలాగే మునగండి."

"ఆ రోజు మునిగింది నేను గాదమ్మా!"

"బాధితురాలి సహకారం కొరవడినది" అని అధికారిణి రాసుకున్నారు. ఉమాపతి గట్టంచున నిలబడి రెండు చేతులతో కిందకి, కిందకి అని సైగలు చేస్తున్నాడు. కమిషనర్ గారు, "అమ్మా, ప్రభుత్వ కార్యక్రమం, కొంచెం మునుగు" అని బతిమాలుతున్నారు. గంగరత్నం కళ్లలో నీళ్లొచ్చాయో, కాలవనీళ్లో తెలియదుగాని, ఆవిడ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంది. అరవై ఏళ్ల మనిషి తన పడవ కోసం తనకి రాని పని ఒకటి అంతమంది ముందు నేర్చుకుంటోంది.

భీమేశ్వర్రావు అది చూశాడు. నీళ్లు ఆ రోజులాగే పచ్చగా ఉన్నాయి. మైకు దగ్గరికి వెళ్లి చెబుదామా అనుకున్నాడు. చెబితే చప్పట్లు కొడతారు, వినయానికి ఇంకో పది మార్కులు వేస్తారు. చెప్పి లాభం లేదని ఆయనకి అంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. మెళ్లో దండ తీసి మెట్టు మీద పెట్టాడు. కళ్లజోడు తీసి దండ మీద పెట్టాడు. "అనంతలక్ష్మీ" అని మాత్రం గట్టిగా అరిచి, కాలవలోకి దూకాడు.

ఆయన ఏ లోపమూ లేకుండా మునిగాడు. ఒకసారి చెయ్యి పైకొచ్చింది. ఒకసారి బట్టతల వచ్చింది. తర్వాత బుడగలు వచ్చాయి. గంగరత్నం, "ఓరి నాయనో, మళ్లీ పడ్డాడు!" అంటూ రెండు బారల్లో అక్కడికి చేరి, లోపలికి చెయ్యి పోనిచ్చి, ఈసారి చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చి మెట్ల మీద బోర్లా పడేసింది. వీపు మీద చరిచింది. ఆయన కాలవలో నాలుగోవంతు కక్కాడు.

"చూశారా?" అన్నాడు, ఊపిరాడగానే. "ఇదీ ఆ రోజు జరిగింది. ఇప్పుడు చూశారుగా అందరూ!"

మందాకినీదేవి గారు కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి ఆయన ముందుకొచ్చారు.

"మీకు ఈత రాదా?"

"రాదండి."

"అస్సలు రాదా?"

"అస్సలు రాదండి."

ఆవిడ ఫారం చంకలో పెట్టుకున్నారు. "రాష్ట్రంలో ఇంతవరకూ నేను పరిశీలించిన నీటి వీరులు పంతొమ్మిది మంది. అందరికీ ఈత వచ్చు. ఈత వచ్చినవాడు దూకడం ఒక లెక్కా? మీరు రాకుండా దూకారు!" ఆవిడ అందరివైపూ తిరిగి చప్పట్లు మొదలెట్టారు. షామియానా అంతా చప్పట్లతో అదిరింది. కమిషనర్ గారు మజ్జిగ గ్లాసు పట్టుకునే చప్పట్లు కొట్టారు.

భీమేశ్వర్రావు తడిబట్టల్లో కూర్చుని ఆ మొహాలన్నీ ఒక్కటొక్కటిగా చూశాడు. "మరి నన్ను తీసినావిడో?" అన్నాడు.

"ఆవిడ ఉద్యోగిని కాదు. ఫారంలో ఆవిడకి గడి లేదు" అన్నారు అధికారిణి మర్యాదగానే. "ఇక్కడ సంతకం చెయ్యండి. నాలుగుంపావు అయింది."

"పెట్టను" అన్నాడు భీమేశ్వర్రావు.

ఉమాపతి నవ్వాడు. "అయిష్టత భాగం అయిపోయిందండి. ఇప్పుడు పెట్టాలి."

"పెట్టనంటే పెట్టను!" ఆ గొంతు తనదేనా అని భీమేశ్వర్రావుకే అనుమానం వచ్చింది. "ఆవిడ పడవ కాయితం ఆవిడకివ్వండి. గొలుసు తియ్యండి. అప్పుడు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. లేదంటే ఐదు కాదు, ఆరయినా ఇక్కణ్ణుంచి కదలను. మీరు శూన్య నివేదిక పంపుకోండి."

శూన్య నివేదిక అన్న మాటకి కమిషనర్ గారి మొహం పాలిపోయింది. ఉమాపతిని పక్కకి లాక్కెళ్లారు. కొంతసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత ఉమాపతి వచ్చి, గొంతు తగ్గించి వివరించాడు.

"చూడండీ, ఆవిడకి ఈత రాదని రికార్డులో ఎక్కింది. రికార్డు తప్పని రాయడం ఎవరి తరమూ కాదు. రాస్తే మనమంతా పోతాం. కాని ఈత రాని మనిషి తర్వాత నేర్చుకుందని రాయడానికి అభ్యంతరం లేదు. శిక్షణ ధ్రువపత్రం ఒకటి ఉంటే ఈ క్షణమే లైసెన్సు పునరుద్ధరిస్తారు. నేర్పినవారు సంతకం చెయ్యాలి."

"ఎవరు నేర్పారని రాస్తారు?"

అందరూ ఆయనవైపే చూశారు.

కాగితం తయారైంది. "గంగరత్నం అను మహిళకు నేను స్వయముగా ఈత నేర్పితిని. ఆమె నాకు సంతృప్తికరముగా ఈదుచున్నది" అని కింద భీమేశ్వర్రావు పేరు. కలం చేతిలో పెట్టారు. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆయన చేత్తో ఒక్క అబద్ధపు అక్షరం పడలేదు. ఇన్నాళ్లూ ఆయన్ని వీరుడన్నది ఇతరులు. ఇది మాత్రం ఆయన సొంత చేతిరాత. ఎవడో వచ్చి ఒక్క రోజు తేదీ జరపమంటే బీరువా వెనక దాక్కున్నవాడు, తనని రెండుసార్లు నీళ్లలోంచి తీసిన మనిషికి తనే ఈత నేర్పానని రాయాలి. రాయకపోతే ఆయన నిజాయితీ చెక్కుచెదరదు. పడవ గట్టు మీదే ఎండిపోతుంది.

గంగరత్నం పైటకొంగు పిండుకుంటూ ఆ కాగితంలో ఏముందో ఉమాపతి చేత చదివించుకుంది. చదవడం అవగానే మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"పెట్టు బాబూ" అంది ఆఖరికి. "నీకు తెలుసు, నాకు తెలుసు, ఈ కాలవకి తెలుసు. కాయితానికి తెలియకపోతే మునిగిపోయేదేం లేదు."

ఆయన సంతకం పెట్టాడు. రెండో ఫారం మీద కూడా పెట్టాడు. ఐదుకి రెండు నిమిషాల ముందు జవాను సైకిలెక్కాడు. ఎవరో లక్క సీలు పగలగొట్టి గొలుసు విప్పారు. గంగరత్నం పడవని నలుగురు పట్టి నీళ్లలోకి దించారు. భీమేశ్వర్రావు ఇంటికెళ్లి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అనంతలక్ష్మి అడగలేదు. అన్నం మాత్రం వేడిగా పెట్టింది. మూడో రోజుకి ఆయనకి బాగానే ఆకలేసింది.

అయితే ధ్రువపత్రమంటూ ఒకటి పుట్టాక దాని మానాన అది ప్రయాణం చేస్తుంది. అది పైకి వెళ్లి, చదవవలసినవారు చదివారు. ఒక్క రోజులో, అందునా మునిగిపోయే స్వభావం గల వృద్ధురాలికి ఈత నేర్పగలిగిన ఉద్యోగి మాగళ్లపాలెంలో ఉన్నాడని అక్కడ సంచలనం కలిగింది. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పురపాలక సిబ్బంది యావన్మందీ ఆదివారాల్లో శ్రీ భీమేశ్వర్రావు వద్ద ఈత నేర్చుకోవలెను. మినహాయింపులు లేవు.

ఆదివారం పొద్దున్న నలభై ఒక్కమంది తువ్వాళ్లు భుజాన వేసుకుని రేవులో వరసగా నిలబడ్డారు. భీమేశ్వర్రావు వాళ్ల ముందుకొచ్చి, "బాబూ, నాకు ఈత రాదు. ఈవిడకి వచ్చు. ఈవిడ నేర్పుతుంది" అని గంగరత్నాన్ని చూపించాడు. అందరూ ఆయన వినయానికి ఆప్యాయంగా నవ్వారు.

ఇంక చెప్పి లాభం లేదనుకుని ఆయన చొక్కా విప్పాడు. మెట్లు దిగాడు. ఒక్కో మెట్టుకీ ఆగి, గంగరత్నం మొహం చూసి, ఇంకో మెట్టు దిగాడు. నడుం లోతు వచ్చాక ఆవిడ ఆయన పొట్ట కింద చెయ్యి వేసి, పసివాణ్ణి పట్టుకున్నట్టు నీళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది.

"కాళ్లు కొట్టు బాబూ. బిగుసుకుపోకు. నేను ఇడిసిపెట్టను."

ఆయన కొట్టాడు. చేతులొక దిక్కు, కాళ్లొక దిక్కు వెళ్లాయి. నీళ్లు మెట్ల మీదున్న వాళ్లందరి మొహాల మీదా పడ్డాయి.

గట్టు మీంచి ఉమాపతి తడిసిన కళ్లజోడు తుడుచుకుంటూ మిగతావాళ్లకి వివరించాడు: "జాగ్రత్తగా గమనించండి. ఈత రానివాళ్లు ఎలా కొట్టుకుంటారో సారు ముందుగా చేసి చూపిస్తున్నారు."

భీమేశ్వర్రావు కాదనబోయాడుగాని, నోట్లోకి నీళ్లు పోయాయి.